పోయినసారిదే రాసుకో

పెద్ద డాక్టరు పదకొండింటికి వస్తాడని నర్సు చెప్పింది. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు. అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలున్నాయి, యాభై ఐదు నిమిషాల్లో ప్రేమలత వరంగల్ కాశిబుగ్గలో ఓ సందు మొత్తం చుట్టి, పదిమందికి బీపీ చూసి, గోలీలు పంచి, కార్డులు రాసి, ఎవరింట్లోనో సగం గ్లాసు చాయ్ కూడా తాగగలదు. చూడకుండా రాసేదైతే రెండు సందులు చుట్టగలదు. ఆ ఆలోచన రాగానే ఆమె దాన్ని పక్కకు నెట్టి ఎదురుగా గోడకున్న ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను తిరగడం లేదు. దాని రెక్కల మీది దుమ్మును చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చనిపించింది. నిన్న మాపటేళ ఆమె పెనిమిటి రాజమౌళి ఆటో ఇంటి ముందు ఆపి, "కొమురెల్లి మామను దవాఖానకు తీస్కపోయిండ్రు, బాగ దమ్మొస్తాందట" అని చెప్పినప్పటి నుంచీ ఆమెకు ఏమీ కావడం లేదు. భయం వేయాలి, ఏడుపు రావాలి, కనీసం నిద్రైనా పట్టకుండా ఉండాలి. అదేమీ లేదు. రాత్రి అన్నం తిన్నది, గిన్నెలు తోమింది, పడుకుంటే నిద్రపట్టింది. పొద్దున తల దువ్వుకుంటూ అద్దంలోకి చూసి, ఈమెవరో గాని బాగా నిబ్బరమైన మనిషే అనుకున్నది.

"తిన్నవా బిడ్డా?" అన్నది పక్క కుర్చీలోని యాకమ్మ. భర్త లోపల ముక్కుకు గొట్టం పెట్టించుకొని కూర్చున్నా, నిన్నటి నుంచి తన కడుపులో మంచినీళ్లు తప్ప ఇంకేమీ పడకపోయినా, ఎదుటి మనిషి తిన్నదా లేదా అన్నది యాకమ్మకు ముందు తేలాలి. ప్రేమలత తల ఊపింది. కొమురెల్లి, యాకమ్మ ఆమెకు చుట్టాలేమీ కారు, వాడకట్టు వరసకు మామ, అత్త. పదిహేడేళ్ల కింద ఆమె కోడలిగా వచ్చిన ఇంటికి వాళ్లిల్లు మూడో ఇల్లు. ఆశా కార్యకర్తగా చేరి ఎనిమిదేళ్లయింది, అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా ముందు వినపడేది ఆమె పేరే. వాళ్ల బిడ్డ కావ్య కాన్పుకు ఆటోలో కూర్చోబెట్టుకొని తీసుకుపోయిందీ ఆమే. ఆ కావ్య ఇప్పుడు మరిపెడ నుంచి బస్సులో వస్తున్నది, తొర్రూరు దాటినమని ఇందాక ఫోన్ చేసింది.

"నిన్న డాక్టరుకు నీ కార్డు సూపిచ్చిన" అన్నది యాకమ్మ, ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలోకి కొంచెం వెలుగు కూడా వచ్చింది. "ఆధార్ కార్డు, నువ్విచ్చిన మా ఇద్దరి బీపీ కార్డులు ఒక్క కవర్లనే పెట్టిన గద, ఆయనది తీసిచ్చిన. మొత్తం తిప్పిండు. ఆరేండ్ల సంది గింత మంచిగ బీపీ మెయింటేన్ చేసినోళ్లను నేను సూడలేదమ్మా, ఎవరు రాసిండ్రు అన్నడు. నీ పేరు చెప్పిన. మా వాడకట్టు ఆశా, బిడ్డ లెక్క సూస్కుంటది అని చెప్పిన." వెలుగు పోయిన గొంతుతో మళ్లీ మొదలుపెట్టింది. "అయినా గుండె గోడ మందమైందట బిడ్డా. రూపాయిల ముప్పై పైసలే పని చేస్తాందట. బీపీ గింత మంచిగున్న మనిషికి గట్ల గావద్దట. గిది బీపీతోని వచ్చింది గాదు, వంశంల దిగే రోగమేమో అంటాండు. హైదరాబాద్ తోలుతడట, ఆడ పెద్ద స్కానింగు తీస్తరట. మా కావ్యను సూడాలట, కావ్య బిడ్డను గూడ సూడాలట. పదకొండుకొచ్చి కాగితం రాసిస్తనన్నడు. మా ఇంట్ల ఎవలకున్నది బిడ్డా గసొంటి రోగం? ఆయన నాయిన ఎనభై ఏండ్లు బతికిండు, మగ్గం మీదనే పోయిండు."

ప్రేమలత విన్నది. ప్రతి మాటా విన్నది, మాటలు చెవిలోకి పోయి ఎక్కడో ఆగిపోయాయి, గింజలు పోసినా తిరగని గిర్నీలాగా లోపల ఏదీ కదల్లేదు. ఎవరో మనిషి చాయ్ తెచ్చి అమ్ముతుంటే రెండు కప్పులు తీసుకొని ఒకటి యాకమ్మకిచ్చింది. తన కప్పు పట్టుకున్న వేళ్లకు వేడి తెలియడానికి కొంతసేపు పట్టింది. కుడికాలు తిమ్మిరెక్కింది. నేలకు రెండుసార్లు కొట్టింది, ఎవరి కాలో కొట్టినట్టుంది. ఆ కార్డులో ఉన్నదంతా ఆమె చేతిరాతే. నాలుగు పేజీలు, నీలి సిరా, నెలకో వరుస, ప్రతి వరుసలో తారీఖు, పైన అంకె, కింద అంకె, గోలీలు ఎన్నిచ్చింది, చివర ఆమె పొడి సంతకం. డాక్టరు మెచ్చుకున్న కార్డు అదే. మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు, అది చాలా మంచి కార్డు, అంత ముచ్చటైన కార్డు వాడకట్టు మొత్తంలో ఇంకోటి లేదు, అందులో లేనిదల్లా కొమురెల్లి రక్తపోటు ఒక్కటే.

గుండె గోడ మందం కావడం గురించి ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. శిక్షణలో చెప్పారు. హన్మకొండలో ఏదో పెళ్లిళ్ల హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం, పొద్దున్నుంచి మాట్లాడే వాళ్లంతా ఇంగ్లిషు అక్షరాలు బోర్డు మీద రాసిపోతుంటే అందరూ ఆవులిస్తున్నారు. ఆఖర్న ఒక ముసలి డాక్టరు లేచి, బోర్డు తుడిపించేసి, ఎనుమాముల మార్కెట్‌ల హమాలీ భుజం సూసిండ్రా మీరెవరన్న అని అడిగాడు. "బస్తాలు మోసి మోసి ఎట్ల దొడ్డుగైతది? గుండె గూడ గట్లనే అమ్మా. బీపీ అంటే బరువు. దినాం గా బరువు మీద నెత్తురు తోసి తోసి గుండె దొడ్డుగైతది. భుజం దొడ్డుగైతే బలం, గుండె దొడ్డుగైతే లోపల నెత్తురుకు జాగ సాలది. పదేండ్లు మోస్తది, పదిహేనేండ్లు మోస్తది, ఆనక ఒకనాడు అలసిపోతది. మోసినన్ని దినాలు నొస్తాందని ఒక్క మాట చెప్పది. అందుకే మనం కొలవాలె. అది చెప్పది గనుక మనమే పొయ్యి అడగాలె." ఆ ఒక్క మాట కోసమే ఆ రోజు పోయినట్టయింది. ఇంటికొచ్చి రాజమౌళికి చెప్పింది, వాడకట్టులో ఆడవాళ్లందరికీ చెప్పింది, భుజం చూపించి, పిడికిలి బిగించి చూపించి మరీ చెప్పింది. కొమురెల్లి కూడా విన్నాడు. విని, "నొయ్యని రోగానికి గోలి ఎందుకు బిడ్డా, నొచ్చినప్పుడు ఏసుకుంట తియ్యి" అని నవ్వాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

మొదటిసారి నిజంగానే చూసింది. నూట డెబ్భై రెండు, కింద నూట నాలుగు. ఆమెకే చెమటలు పట్టాయి. వారానికి మళ్లీ చూసింది, నూట అరవై ఎనిమిది, కింద వంద. పట్టుబట్టి సర్కారు హెల్త్ సెంటరుకు తీసుకుపోయి, వరుసలో కూర్చోబెట్టి, గోలీలు మొదలుపెట్టించింది. రెండు నెలలకు నూట ముప్పై ఎనిమిది, కింద ఎనభై ఆరు. ఆ అంకె చూసినప్పుడు తన చేతులతో ఏదో కట్టినంత సంతోషపడ్డది. ఆ సంతోషంలోనే కొమురెల్లితో "మంచిగైంది మామా" అన్నది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మంచిగైందంటే జ్వరం తగ్గినట్టు తగ్గిందనుకున్నాడు. తగ్గిన జ్వరానికి ఎవరైనా గోలీలు మింగుతారా?

ఆ తర్వాత మగ్గం. కొమురెల్లిది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, నేల మీద కూర్చొని జంపఖానాలు నేసేది. అందులోంచి లేవాలంటే పోగు విసిరే నాడె పక్కన పెట్టాలి, కాళ్లు పైకి తీయాలి, రెండు చేతులు నేలకు ఆనించి లేవాలి. లేచినా సరిపోదు, మగ్గం కొట్టిన చేతికి వెంటనే బీపీ చూస్తే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతగాని పని. దానికి తోడు చార నడుమ లేవకూడదు. జంపఖానా మీద ఒక రంగు పట్టీ మొదలుపెడితే అది అయ్యేదాకా మనిషి కదలకూడదు, లేచి మళ్లీ కూర్చుంటే పోగును బిగించి కొట్టే దెబ్బ మారుతుంది, దెబ్బ మారితే చార వంకరపోతుంది, ఎక్కడ లేచాడో గుడ్డ మీద కనబడుతుంది అని ఆయన నమ్మకం. ఆయన తండ్రి నమ్మకం కూడా అదే. అందుకని ఆమె గడపలో నిలబడి "మామా, బీపీ" అంటే, ఆయన తల తిప్పకుండానే "చార మీదున్న బిడ్డా, రేపు రా" అనేవాడు. రేపు పోతే రేపు కూడా చారే. జంపఖానా అంటేనే చారలు గదా. మూడో రోజు ఆయనకే జాలేసి, "ఎన్నిసార్లు తిరుగుతవు ఎండల, పోయినసారిదే రాసుకో" అన్నాడు. అంత ప్రేమగా అన్నాడు. ఆమె గడపలోనే నిలబడి, తలుపు రెక్కకు కార్డు ఆనించి రాసుకున్నది.

రాయకుండా పోతే ఏమయ్యేది? ఫోన్‌లో కూడా నెలనెలా అందరి బీపీ ఎక్కించాలి, ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ముందుకు పోదు. ఎర్రగా అయి అక్కడే నిలబడుతుంది. మనిషి ఇంట్లో లేడు, మనిషి మగ్గం మీద ఉన్నాడు, మనిషి చెయ్యి ఇయ్యనంటున్నాడు అని రాయడానికి అందులో జాగా లేదు. దానికి అంకె కావాలి. నెలాఖరు మీటింగులో ఎర్రవి ఎక్కువున్న వాళ్లను నిలబెట్టి పేరు చదువుతారు, యాభై ఏళ్ల ఆడవాళ్లు బడిపిల్లల్లాగా నిలబడి నేల చూస్తుంటారు. ప్రేమలత ఒక్కసారి నిలబడ్డది. రెండోసారి నిలబడలేదు. ఒక్క కొమురెల్లి మామకు రాసిందని మొదలైంది, ఆ తర్వాత బట్టల దుకాణంలో పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లకు, బీడీలు చుట్టే చేతులను ఆపనివాళ్లకు, తలుపు తీయనివాళ్లకు. మొదట్లో పోయిన నెలదే దించేది, తర్వాత ప్రతినెలా ఒకే అంకె బాగుండదని కొంచెం అటూఇటూ మార్చింది. నూట ముప్పై, నూట ముప్పై రెండు, నూట ఇరవై ఎనిమిది. కావ్య పెళ్లి నెలలో మనిషి పనుల మీద ఉంటాడు గదా అని నూట నలభై నాలుగు వేసింది. అంత న్యాయంగా రాసింది. పోయినేడు మీటింగులో ఆమె వాడకట్టులో ఎనభై రెండు మందికి డెబ్భై తొమ్మిది మంది బీపీ కంట్రోల్‌లో ఉందని చెప్పి చప్పట్లు కొట్టించారు, సర్టిఫికెట్ ఇచ్చారు. రాజమౌళి దాన్ని ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టాడు. చప్పట్లు కొడుతుంటే ఆమెకు నిజంగానే సంతోషమైంది, అది గుర్తొస్తే ఇప్పుడు కూడా సిగ్గేయడం లేదు, సిగ్గుపడాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఇంత వరకూ అయితే చెప్పొచ్చు. పని ఒత్తిడి, ఫోను, మీటింగు, ఆయన చెయ్యి ఇయ్యలేదు, ఆయనే రాసుకోమన్నాడు. ఇవన్నీ డాక్టరుకు చెప్పొచ్చు, యాకమ్మకు కూడా చెప్పొచ్చు, విన్నవాళ్లు అయ్యో అనొచ్చు. పొద్దున్నుంచి ఆమె మనసు ఇక్కడిదాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయి పులిహోర పొట్లం దగ్గర, ఫ్యాను రెక్కల దగ్గర తిరుగుతున్నది. దీని అవతల ఒక మంగళవారం ఉంది. రెండేళ్ల కింద, శ్రావణంలో. నాలుగు రోజుల ముసురు, తేమకు పోగు తెగుతున్నదని మగ్గం ఆపి కొమురెల్లి అరుగు మీద కూర్చున్నాడు. చార లేదు, సాకు లేదు. ఆమెను చూసి తనే చెయ్యి చాపాడు. "ఇయ్యాల సూడు బిడ్డా, ఖాళీగనే ఉన్న." ఆమె పట్టీ చుట్టింది. మిషన్ గుర్రుమని ఎక్కి, దిగి, ఆగింది. నూట ఎనభై ఆరు. కింద నూట పన్నెండు. బ్యాటరీ పోయిందేమో అనుకున్నది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. నూట ఎనభై రెండు. "ఎంతున్నది?" అన్నాడు. "జర ఎక్కున్నది మామా, గోలీలు ఏస్తున్నవా?" "యాదికున్నప్పుడు." అప్పుడే లేపి సెంటరుకు తీసుకుపోవాలి, అంత ఉంటే అదే రోజు తీసుకుపోవాలని శిక్షణ పుస్తకంలో రాసి ఉంది, ఆమెకు తెలుసు. తీసుకుపోతే అక్కడి సార్ కార్డు తిప్పుతాడు. పోయిన నెల నూట ముప్పై, అంతకుముందు నెల నూట ఇరవై ఎనిమిది, ఈ నెల నూట ఎనభై ఆరెట్లమ్మా అంటాడు.  ఒక్క నిజం అంకె రాస్తే దాని పైన ఉన్నవన్నీ లేచి సాక్ష్యం చెబుతాయి. చూరు నీళ్లు కార్డు మీద పడకుండా చీర కొంగు అడ్డం పెట్టుకొని నూట ముప్పై ఆరు, కింద ఎనభై నాలుగు అని రాసింది. "గోలి మానకు మామా" అని చెప్పి పక్కింటికి పోయింది. ఆ రోజు పక్కింట్లో చాయ్ తాగింది కూడా.

అయిపోయింది, ఆ మంగళవారం వచ్చేసింది. వచ్చాక ఏదో అవుతుందనుకున్నది, కళ్లు తిరుగుతాయనో, వాంతి వస్తుందనో. ఏమీ కాలేదు. కప్పులో చాయ్ చల్లారి మీద పొర కట్టింది. టైము పదీ నలభై.

నర్సు తలుపు తీసి, నాలుగో నంబరు బెడ్డు వాళ్లు ఒక్కరు రావచ్చన్నది. "నువ్వు పో బిడ్డా, నిన్ను సూస్తే ఆయనకు ధైర్యం" అని యాకమ్మ ఆమెను పంపింది. కొమురెల్లి వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు, పడుకుంటే ఊపిరాడదట. కాళ్లు వాచి మెరుస్తున్నాయి. ఆమెను చూసి ముక్కు మీది గొట్టం కొంచెం జరిపి మాట్లాడబోతే నర్సు కసిరింది, అయినా మాట్లాడాడు, మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటూ.

"డాక్టరు... గోలీలు ఏస్కుంటాన్నవా అన్నడు. దినాం ఏస్కుంటాన్న అన్న. నెలనెల సూస్తరా అన్నడు. మా ప్రేమలత సూస్తది అన్న. నువ్వు ఫికర్ జెయ్యకు."

"గట్లెందుకు చెప్పినవు మామా?"

"నేనే గద రాసుకోమన్న" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకొని, "నీ మీదికి రానియ్య" అన్నాడు.

ఆయన చెయ్యి దుప్పటి మీద ఉంది, చూపుడువేలి పక్కన పోగు కోసి కోసి కాయకాచిన గీత, ఆ చేతిని పట్టుకోవాలని ఆమెకు తెలిసింది, పట్టుకున్నది, పట్టుకున్నట్టు మాత్రం తెలియలేదు. ఆయనకు వంశం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. తను ఒక కోడలు పిల్లను కాపాడుతున్నాననుకుంటున్నాడు. నర్సు ఇక చాలన్నది.

బయటికొచ్చేసరికి కావ్య వచ్చి ఉంది, నాలుగేళ్ల పిల్ల భుజం మీద నిద్రపోతున్నది. తల్లిని పట్టుకొని ఏడ్చింది చాలనుకొని ఇప్పుడు ప్రేమలత దగ్గరికి వచ్చింది. "వదినా, నువ్వయితే నిజం చెప్తవు" అని మొదలుపెట్టింది. "అమ్మ నిన్న ఫోన్‌ల చెప్పినప్పటి సంది గూగుల్ల సూస్తాన్న. గది ఇంట్ల ఒకలకుంటే పిల్లలకు గూడ ఉంటదట. పైకి ఏం కనబడదట వదినా, ఆడుకుంట ఆడుకుంట పడిపోతరట. నిన్న రాత్రంత దీని ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని కూసున్న. బస్సుల గూడ పెట్టుకొనే వచ్చిన. ఎక్కువ కొట్టుకుంటే భయమైతాంది, తక్కువ కొట్టుకుంటే భయమైతాంది. ఇగ దీన్ని బడికి తోలాల్నా వద్దా? ఉరకనియ్యాల్నా వద్దా?" మాట్లాడుతూనే పిల్లను ఆమె చేతికిచ్చి ముక్కు తుడుచుకున్నది. పిల్ల నిద్రలోనే ప్రేమలత మెడ చుట్టూ చేతులు వేసింది. ఒళ్లు వెచ్చగా ఉంది, నోట్లోంచి కారిన చొంగ జాకెట్టు భుజాన్ని తడిపింది. ఈ పిల్లకు ఏ రోగమూ లేదు. ఈ సంగతి వరంగల్ మొత్తంలో ప్రేమలతకు ఒక్కదానికే తెలుసు. ఆమె నోరు తెరవకపోతే ఈ పిల్ల పెద్దదయ్యేదాకా తల్లి చెయ్యి దాని ఛాతీ మీదే ఉంటుంది, అంత ఆయాసంతో ఆ మనిషిని అంబులెన్స్‌లో ఎక్కించి హైదరాబాద్ తిప్పుతారు, లేని రోగాన్ని వెతుకుతూ ఉన్న రోగానికి మందు ఇంకొన్నాళ్లు ఆపుతారు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, అది సరే, గౌరవ వేతనమంటూ ఇచ్చేదే అంతంత. వాడకట్టు పోతుంది. రేపటి నుంచి ఏ గడపలో నిలబడి "అత్తా" అని పిలవాలి?

డాక్టరు పదకొండూ ఇరవైకి వచ్చాడు. వినయ్ అని కోటు మీద పేరుంది, ముప్పై అయిదు ఉంటాయేమో. రాత్రి డ్యూటీ కూడా చేసినవాడిలా కళ్లు ఎర్రగా ఉన్నాయి. వార్డులో బల్ల దగ్గర కూర్చొని కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. పేషెంటు తరఫున ఒక్కరే రండి అంటే కావ్య కదలబోయింది, ప్రేమలత పిల్లను ఆమెకిచ్చి తనే లోపలికి పోయింది. ఎట్లా పోయిందో తెలియదు, ఆలోచించుకొని పోలేదు, తిమ్మిరి కాలుతోనే పోయింది.

"సార్, ఆ కార్డు నమ్మకండి."

డాక్టరు తలెత్తాడు. "మీరు?"

"అది రాసింది నేనే. ప్రేమలత. నిన్న మీరు మెచ్చుకున్నరట. అవి చూసి రాసినయి గాదు సార్. ఆయన మగ్గం మీద నుంచి దిగకపోతే నేనే వేసిన. గోలీలు గూడ ఆయన సక్కగ వేసుకోలేదు. నా మీదికి రావద్దని మీకు అబద్ధం చెప్పిండు."

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. కోప్పడతాడనుకున్నది. ఆయన కార్డును బల్ల మీద ఆమె వైపు తిప్పి, అదే పెన్ను ఆమె చేతికిచ్చాడు. "మీరు నిజంగా చూసినవాటికి సున్నా చుట్టండి."

మొదటి పేజీలో మూడు సున్నాలు చుట్టింది. రెండో పేజీ తిప్పింది, డాక్టరు ఎదురుచూస్తున్నాడు, మూడో పేజీ కింద శ్రావణ మంగళవారం దొరికింది. నూట ముప్పై ఆరును కొట్టేసి పక్కన నూట ఎనభై ఆరు అని రాసి, కింద నూట పన్నెండు రాసి, దాని చుట్టూ కూడా సున్నా చుట్టింది.  అరవైకి పైగా వరుసల్లో నాలుగు సున్నాలు.

"అంటే ఆరేళ్లూ ఇంతే ఉంది" అన్నాడు డాక్టరు, ఆమెతో కాదు, కాగితంతో. "అట్లయితే అంతా సరిపోతుంది." రాసిన ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టాడు. "ఇది బీపీ వల్ల వచ్చిన గుండె జబ్బే. హైదరాబాద్ ఇప్పుడొద్దు. నీరు తగ్గించి, బీపీ మందులు గట్టిగా మొదలుపెట్టి, మూడు నెలలకు మళ్లీ ఎకో తీద్దాం. గుండె బలం కొంత వెనక్కి రావచ్చు. మొత్తం రాదు. వాళ్ల అమ్మాయికి చెప్పండి, పాపకేం భయం లేదని." ఫైలు తెరిచి, "ఇది మీ మెడికల్ ఆఫీసర్‌కు రాయాలి నేను" అన్నాడు.

"రాయండి సార్."

"మీ దగ్గర బీపీ వాళ్లు ఎంతమంది ఉన్నారు?"

"ఎనభై రెండు."

డాక్టరు ఆ అంకెను ఫైల్లో రాసుకున్నాడు. కార్డు జిరాక్స్ ఒకటి తీయించుకొచ్చి ఫైల్లో పెట్టమన్నాడు.

బయట కావ్యకు చెప్పింది. పిల్లకేం లేదు, నీకేం లేదు, బాపుది బీపీ వల్లనే, డాక్టరు చెప్పిండు. కావ్య ఎందుకు, ఏమిటి అని అడగలేదు. వినగానే కింద కూర్చొని పిల్లను ఒళ్లో వేసుకొని, నవ్వుకుంటూ ఏడ్చుకుంటూ మరిపెడకు ఫోన్ కలిపింది. పిల్ల లేచి, కొత్త చోటు చూసి, తల్లి ఒడి దిగి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఉరకడం మొదలుపెట్టింది, కావ్య ఆపలేదు. ప్రేమలత చేతిలో కార్డుతో అట్లాగే నిలబడ్డది. ఇక్కడితో అయిపోతే బాగుండును.

యాకమ్మ ఆమె చేతిలోంచి కార్డు తీసుకున్నది. ఆమెకు చదువు రాదు, కాని ఆరేళ్లు ఆ కార్డును కవర్లో పెట్టింది, తీసింది, అందులో కొత్తగా ఏం వచ్చిందో ఆమె కంటికి తెలుస్తుంది.

"గీ సున్నలేంది బిడ్డా? ఇంతకుముందు లేకుండె గద."

"అవి నేను నిజంగ చూసినయి అత్తమ్మా."

"మరి తక్కినయి?"

"చూడక రాసిన."

యాకమ్మ వేలితో ఒక్కో సున్నా మీద ఆగుతూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పేజీలు తిప్పి నాలుగు. తిట్టాలి, పదిమంది వినేట్టు తిట్టాలి, కొంగు పట్టుకొని గుంజాలి, అప్పుడన్నా లోపల ఏదో కదులుతుందని ప్రేమలత అట్లాగే నిలబడి ఎదురుచూసింది. యాకమ్మ తిట్టలేదు. కార్డు మడిచింది. పిల్ల ఉరుకుతున్న వైపు చూసింది, నాలుగో నంబరు బెడ్డున్న తలుపు వైపు చూసింది, తర్వాత చాలా మెల్లగా, తన గురించి అడగడం ఇప్పుడు తప్పేమోనన్నట్టు అడిగింది.

"మరి నాది?"

వరండాలో పిల్ల ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"నీది మూడేండ్ల సంది ఒక్కసారి గూడ చూడలే అత్తమ్మా."